ఏం తినకూడదో చెప్పారు, ఏం తినాలో ఎవరు చెప్పాలి?

"గుండె పంపింగ్ తగ్గిందన్నారు, మందులిచ్చి ఇంటికి పంపేశారు" అనే మాట మన కుటుంబాల్లో ఇప్పుడు షుగరు, బి.పి. అన్నంత మామూలుగా వినిపిస్తోంది. వైద్యులు దాన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. పేరు భయపెట్టేదే గాని, గుండె ఆగిపోయిందని దాని అర్థం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె తోయలేకపోతోందని అర్థం. సరైన మందులతో, సరైన తిండితో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటున్నారు. తిండి సంగతి ఎవరూ చూడడం లేదన్నదే మా బాధ.

గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళం కనుక కాగితం కనబడితే చివరి గీత దాకా చదవడం మాకు అలవాటు. బరంపురంలో మన సంఘం సభ్యుల ఇళ్ళకు పరామర్శకు వెళ్ళినప్పుడు డిశ్చార్జి కాగితాలు మా చేతికిస్తారు, ఇందులో ఏముందో చెప్పండి బాబూ అని. మందులు ఎనిమిది తొమ్మిది వరసలుంటాయి. తిండి గురించి ఒకే వరస: ఉప్పు తగ్గించాలి, నీళ్ళు ఒకటిన్నర లీటరు మించకూడదు. అదీ ఇంగ్లీషులో. నోటితో చెప్పేటప్పుడు సిస్టరుగారు ఒడియాలో చెబుతారు. షోలాపూరులో మరాఠీలో, హోసూరులో తమిళంలో, కోలారులో కన్నడంలో చెబుతారు. మన పిల్లలకు ఆ భాషలు మనకంటే బాగా వచ్చు, సందేహం లేదు. కాని వంటింట్లో గరిటె పట్టుకునేది చాలా ఇళ్ళలో ఇంకా మామ్మగారో, పెద్దకోడలో. ఆసుపత్రిలో మనవడు విన్నది వంటింటికి చేరేసరికి "ఉప్పు వద్దన్నారు" అన్న మూడు ముక్కలే మిగులుతున్నాయి.

తర్వాత ఏం జరుగుతోందో మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. పప్పు చప్పగా ఉందని పెద్దాయన రెండు ముద్దలు తిని లేచిపోతారు. నీళ్ళు తాగొద్దన్నారని మజ్జిగ మానేస్తారు. గుండెకు కొవ్వు మంచిది కాదని ఎవరో అన్నారని గుడ్డు మానిపిస్తారు. ఆకుకూరలు పడవని ఇంకెవరో అంటారు. ఆరు నెలలు తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారిపోతుంటాయి, చొక్కా భుజాల మీద నిలవదు. కాళ్ళు మాత్రం వాచే ఉంటాయి. తూకం వేస్తే బరువు పెద్దగా తగ్గినట్టు కనబడదు, ఎందుకంటే పోయిన కండ బరువును ఒంట్లో చేరిన నీరు కప్పేస్తుంది. అందుకని ఇంట్లోవాళ్ళకు తెలియదు, తూకం అంకె ఒక్కటే రాసుకునే చోట ఆసుపత్రికీ తెలియదు. వాపు లెక్క తీసేశాక ఏడాదిలో బరువు నూటికి ఐదు వంతులకు మించి దానంతటది తగ్గిపోతే దాన్ని ప్రమాద సంకేతంగా తీసుకోవాలని వైద్యశాస్త్రం చెబుతోంది.

మన దేశంలో ఈ జబ్బు మీద జరిగిన పెద్ద లెక్క జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీ. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఆధ్వర్యంలో 53 ఆసుపత్రుల్లో 10,851 మంది రోగుల వివరాలు సేకరించారు. సగటు వయసు 60 లోపే. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు డెబ్బై దాటినవాళ్ళది, మన దగ్గర ఇంకా సంపాదించే వయసువాళ్ళది. ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి 90 రోజుల్లో నూటికి 14 మంది చనిపోయారు. అంటే ఇంటికొచ్చాక గడిచే మొదటి మూడు నెలలే గండం. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే మనం రోగిని పథ్యం పేరుతో పస్తు పెడుతున్నాం.

తిండితో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు రెండు లెక్కలు చెబుతాం. స్విట్జర్లాండులో ఆసుపత్రిలో చేరి, పోషణ తగ్గిపోయే ప్రమాదంలో ఉన్న 645 మంది గుండె రోగుల్లో సగం మందికి మామూలు ఆసుపత్రి భోజనం పెట్టారు. మిగతా సగానికి ఒక్కొక్కరి అవసరం చూసి, ఎంత శక్తి కావాలో, ఎంత ప్రొటీన్ కావాలో లెక్క వేసి పెట్టారు. నెల రోజుల్లో మొదటి వర్గంలో నూటికి దాదాపు 15 మంది చనిపోతే రెండో వర్గంలో 8 మంది. స్పెయిన్‌లో బాగా నీరసించిపోయిన 120 మందితో ఇలాంటిదే ఇంకొకటి చేశారు. ఆరు నెలల పాటు ఇంటి తిండి మీద శ్రద్ధ పెట్టినవాళ్ళలో ఏడాదిలో మరణమో, మళ్ళీ ఆసుపత్రో అయినవాళ్ళు నూటికి 27 మంది. శ్రద్ధ పెట్టనివాళ్ళలో 61 మంది. ఇవి పెద్ద పరీక్షలు కావు, అక్కడి తిండి మన తిండీ కాదు. అయినా ఒక మాత్ర ఇంత పని చేసి ఉంటే ఈపాటికి దేశమంతా హోరెత్తించేవారు.

ఇక లోపాల సంగతి. అన్నిటికంటే ముందు ఇనుము.

హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో ఇంచుమించు సగం మందికి ఇనుము లోపం ఉంటుంది. రక్తం తక్కువైతేనే ఇనుము తక్కువ అని మనం అనుకుంటాం. హిమోగ్లోబిన్ బాగానే ఉండి కూడా ఇనుము నిల్వలు ఖాళీగా ఉండవచ్చు. గుండె కండకూ, కాళ్ళ కండకూ ఇనుము కావాలి. అది లేకపోతే నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. "వయసైపోయింది, జబ్బు అలాంటిది" అని సరిపెట్టుకునే ఆయాసంలో కొంత ఇలా సరిచేయగలిగింది ఉండొచ్చు. అది తెలియాలంటే హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కటే చాలదు. ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే రెండు పరీక్షలు కావాలి. మామూలు మనిషికి ఫెర్రిటిన్ 50 ఉంటే పరవాలేదంటారు. ఈ జబ్బులో 100 లోపుంటే లోపమనే లెక్క. 100 నుంచి 299 మధ్య ఉన్నా, రెండో పరీక్ష 20 శాతం కంటే తక్కువొస్తే అదీ లోపమే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు అప్పుడప్పుడూ చేయాలని 2021లో ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం రాసిపెట్టింది. మా చేతికొచ్చిన కాగితాల్లో హిమోగ్లోబిన్ అంకె ఉంది గాని ఈ రెండు అంకెలు కనబడలేదు.

లోపం ఉందని తేలితే ఐరన్ మాత్రలు కొనుక్కుంటే సరిపోదా? ఈ జబ్బులో చాలామందికి సరిపోదు. పేగుల నుంచి ఇనుము లోపలికి రాకుండా ఒళ్ళే తలుపు మూసేస్తుంది. అమెరికాలో 225 మందికి 16 వారాల పాటు ఐరన్ గోళీలిచ్చి చూశారు, నడిచే శక్తి పెరగలేదు. అదే ఇనుమును నరం ద్వారా ఎక్కిస్తే ఆయాసం తగ్గిందని, రోజువారీ జీవితం మెరుగైందని పలు పరీక్షల్లో తేలింది. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళలో లోపం ఉంటే నరం ద్వారా ఇవ్వాలని 2023లో ఐరోపా సంఘం తన సలహాను ఇంకా గట్టిపరిచింది. ఆయుష్షు ఎంత పెరుగుతుందన్నదానిపై ఇంకా వాదన ఉంది, ఆ వాదన వాళ్ళది. మెట్లెక్కగలగడం మన పెద్దవాళ్ళకు చిన్న సంగతి కాదు.

రేషను బియ్యం గురించి ఇక్కడే చెప్పాలి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన దగ్గర్నుంచి ప్రభుత్వ పథకాల బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించింది. వాటిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ తప్పనిసరి. ప్లాస్టిక్ బియ్యమని వాటిని ఏరి పారేసే ఇళ్ళు మన వీధుల్లో ఇంకా ఉన్నాయి, అది అపోహ. కాని రేషను బియ్యం తింటున్నారు కదా, ఇనుము అందుతోందిలే అనుకోవడమూ పొరపాటే. పైన చెప్పిన తలుపు దానికీ మూసే ఉంటుంది.

ఆ గింజల్లో తప్పనిసరి కానిది ఒకటుంది, బి1 విటమిన్, థయమిన్. కలిపితే కలపవచ్చు, లేకపోతే లేదు. మన జాతికి ఆ పేరుతో పాత సంబంధం ఉంది.

గంజాం, విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలను ఉత్తర సర్కారులనేవారు. ఆ నేలలో బెరిబెరి అనే జబ్బు ఎంతగా పాతుకుపోయిందంటే, 1835లో మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో దాని మీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు. కాళ్ళు వాచడం, ఆయాసం, గుండె పెద్దదైపోవడం. అంటే ఇప్పుడు హార్ట్ ఫెయిల్యూర్ అని కాగితం మీద రాస్తున్న లక్షణాలే. కారణం తేలడానికి వందేళ్ళు పట్టింది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం అన్నమే ఆహారమైనచోట బి1 అందక గుండె చెడిపోతోంది. పక్కనే తమిళ జిల్లాల్లో వడ్లు ఉడకబెట్టి దంచే పుళుంగల్ అరిసి వాడకం వల్ల ఆ జబ్బు అంతగా లేదు. ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. కూనూరులోని పరిశోధనశాలలో మెకారిసన్, ఆయన తర్వాతివారు ఈ లెక్కంతా తేల్చారు. ఆ శాలే తర్వాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇరుగు పొరుగు ఒడియావారి ఉసునా బియ్యాన్ని చూసి ముక్కు విరిచిన మన తెల్లన్నం గొప్ప అక్కడ బయటపడింది.

ఇప్పుడు బెరిబెరి అరుదు. అయినా ఈ ముచ్చట ఎందుకంటే, వాపు తగ్గడానికి ఇచ్చే నీళ్ళ మాత్ర, అదే ఫ్యూరోసిమైడ్, మూత్రంతో పాటు బి1 విటమిన్‌ను కూడా బయటికి తోస్తుంది. 1991లో ఇజ్రాయెల్‌లో ఆ మాత్ర వాడుతున్న 23 మందిని పరీక్షిస్తే 21 మందిలో లోపం కనబడింది. చిన్న లెక్కే. అందరికీ బి1 మాత్రలు ఇస్తే గుండె బాగుపడుతుందని రుజువు కాలేదు కూడా. కాని ఏళ్ళ తరబడి నీళ్ళ మాత్ర మింగుతూ, ఆకలి లేక రెండు ముద్దల తెల్లన్నంతో బతికే మనిషికి ఆ లోపం వచ్చే వీలు ఎక్కువన్నది తెలిసిందే. బియ్యాన్ని నాలుగుసార్లు కడిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి గంజి వార్చేస్తే మిగిలిన కాస్తా గంజితో పోతుంది. అత్తెసరు పెట్టుకోవడం, వారంలో కొన్ని పూటలు ఉప్పుడు బియ్యమో, రాగి సంకటో, జొన్న రొట్టో తినడం ఖర్చులేని పని. కోలారు, షోలాపూరు మనవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, మా కోస్తా మనుషులకే చెప్పాలి.

ఉప్పు సంగతికి వద్దాం. ఉప్పు తగ్గించాలన్నది నిజమే. దేశంలో సగటు మనిషి రోజుకు 8 గ్రాములు తింటున్నాడని సర్వే తేల్చింది, 5 గ్రాములు మించకూడదని 2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెంచాడు అన్నమాట. కాని 5 గ్రాముల నుంచి ఇంకా బాగా కిందికి దిగితే గుండె రోగికి అదనపు మేలు ఉందా? 2022లో ఆరు దేశాల్లో 806 మందిని పరీక్షించారు. కఠినంగా తగ్గించినవాళ్ళలో మరణాలు గాని, ఆసుపత్రి చేరికలు గాని తగ్గినట్టు తేలలేదు. ఒకటిన్నర లీటరు నీళ్ళ హద్దు మీద నెదర్లాండ్స్‌లో జబ్బు నిలకడగా ఉన్న 504 మందితో చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది, హద్దు పెట్టినవాళ్ళకు దాహం బాధ తప్ప చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. దీన్ని పట్టుకుని ఆవకాయ జాడీ దింపకండి. వాపు ఉన్నవాళ్ళకు డాక్టరు పెట్టిన హద్దు హద్దే. మేమనేది, ఉప్పు లేని పప్పు తినలేక పప్పే మానేసిన మనిషికి పథ్యం కుదిరినట్టు కాదని. మన ఇళ్ళలో ఉప్పు పప్పులో తక్కువ, పక్కన పెట్టుకునేవాటిలో ఎక్కువ. ఊరగాయ, అప్పడం, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేప, షోలాపూరు వేరుశెనగ పొడి, మజ్జిగలో వేసుకునే గల్లు. వాటిని తీసేస్తే కూరలో నాలుక్కి తగిలేంత ఉప్పు ఉంచవచ్చు. నిమ్మరసం, చింతపండు, అల్లం, ఇంగువ, కరివేపాకు మన చేతిలో ఉండగా చప్పిడి కూడు అనే శిక్ష ఎందుకు?

సైంధవ లవణం మంచిదని కిలోల లెక్కన తెచ్చుకుంటున్నారు. అందులో ఉన్నదీ ఎక్కువ భాగం మామూలు ఉప్పే. అసలు ప్రమాదం "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పుతో ఉంది. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మామూలు పెద్దవాళ్ళకు అది మంచిదేనని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళను మాత్రం మినహాయించింది. గుండె రోగులకిచ్చే స్పైరోనోలాక్టోన్ వంటి మందులు ఒంట్లో పొటాషియంను నిలబెడతాయి. ఆ మందు మీద ఈ ఉప్పు కూడా పడితే గుండె లయ తప్పుతుంది. నీళ్ళ మాత్ర ఒక్కటే వాడేవాళ్ళకు దీనికి తారుమారు, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. ఒక ఇంట్లో కొబ్బరినీళ్ళు మందైతే పక్కింట్లో విషం కావడం ఇలాగే. పక్కింటివాళ్ళ పథ్యం మీ ఇంటికి తెచ్చుకోకండి. రక్త పరీక్షలో పొటాషియం అంకె అడిగి తెలుసుకోండి.

ఆకుకూరల భయం కూడా ఇలాంటిదే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళకు ఆకుకూర వద్దని చెప్పేస్తుంటారు. ఒకరోజు గంపెడు, మరో వారం సున్నా కాకుండా, ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమన్నది అసలు సలహా. ప్రొటీన్ విషయంలో కిలో బరువుకు రోజుకు కనీసం 1.1 గ్రాములు అందాలని అమెరికా హార్ట్ ఫెయిల్యూర్ సొసైటీ 2019లో చెప్పింది. అరవై కిలోల మనిషికి 66 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరును అడగాల్సిందే. లేనివాళ్ళకు పూటపూటా ముద్దపప్పో, గుడ్డో, పెరుగో, చేపో ఉంటేగాని ఆ అంకె చేరదు. యానాంలో చేపకు కరువు లేదు గనుక అక్కడివారికి తేలిక, ఎండబెట్టింది కాకుండా పచ్చిది తింటే. అన్నం తిన్న వెంటనే కాఫీ తాగే మద్రాసు, బెంగళూరు అలవాటు ఇనుమును అడ్డుకుంటుంది, గంట ఎడం పాటించాలి.

ఇక డబ్బు. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ బీమా 2024 అక్టోబరు 29న మొదలైంది. ఒడిశా కూడా 2025లో ఆ పథకంలో చేరింది. అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే గాని, బయటి విభాగంలో చూపించుకునేదానికి కాదు. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజుల పరీక్షలూ మందులూ దాని కిందికొస్తాయి. అందుకని మావాళ్ళకు ఒకటే చెబుతున్నాం: ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షల మాట రోగి మంచం మీద ఉన్నప్పుడే అడగండి. లోపం తేలితే ఇంజక్షన్ కూడా అక్కడే ఎక్కించడం కుదురుతుందేమో అడగండి. ఇంటికొచ్చి నెల తర్వాత అడిగితే ఖర్చంతా మన జేబులోంచే. డైటీషియన్ ఉన్న ఆసుపత్రి అయితే ఇంటికి వెళ్ళేలోపు ఒక్కసారి మంచం దగ్గరికి పంపమనండి, వంట చేసే మనిషిని ఆ పూట అక్కడ ఉంచండి. తమిళనాడులో బి.పి., షుగరు మందులు గడపలోకి తెచ్చే పథకం 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలోనే, అంటే హోసూరు మనవాళ్ళ జిల్లాలోనే మొదలైంది. గడప దాకా వచ్చిన మనిషి మందుతో పాటు "ఈ నెల ఎంత తిన్నారు, బట్టలు వదులయ్యాయా" అని కూడా అడిగితే చాలా ప్రాణాలు నిలుస్తాయని మా నమ్మకం.

భాష మాట చివరికి తెచ్చాం గాని అది చివరి మాట కాదు. ఒక జిల్లాలోనో తాలూకాలోనో నూటికి 15 మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు తర్జుమా చేయాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఎప్పట్నుంచో ఉంది. బడుల కోసం, బోర్డుల కోసం మన సంఘాలు ఆ రక్షణను ఎన్నోసార్లు ఎత్తి చూపాయి. ఆసుపత్రి పథ్యం కాగితం కోసం ఎవరూ అడిగినట్టు మాకు గుర్తులేదు. రాష్ట్ర భాష మీద మనకు గౌరవమే, అది మన పిల్లల బడి భాష, బతుకు భాష. ఆ భాష పక్కనే తెలుగులో పది వరసలుంటే ఎవరికీ నష్టం లేదు.

మా కమిటీ అలాంటి ఒక్క పేజీ కాగితం తయారు చేయిస్తోంది. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఒడియా. ఉప్పు దాక్కునే పదార్థాల పేర్లు, రోజూ బరువు రాసుకునే గడులు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే డాక్టరుకు ఫోను చేయమన్న వరస, అడగవలసిన పరీక్షల పేర్లు ఉంటాయి. స్థానిక వైద్యుడొకరు చదివి సంతకం చేశాకే పంచుతాం. కన్నడ, తమిళ, మరాఠీ పక్కలు రాయగలిగిన సంఘాలవారు ఈ పోర్టల్ ద్వారా మాకు తెలియజేస్తే తెలుగు ప్రతి పంపిస్తాం.